చేవెళ్ల దారిలో ఏం తినాలి?

పిల్లలూ, కొత్త ఊరికి పోగానే మనవాళ్ళు మొదట అడిగే మాట "ఇక్కడ మంచి హోటలు ఎక్కడ ఉన్నది?" అని. ఆకలి వేసినవాడికి ఆ ప్రశ్న అవసరమే. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: "ఈ నేలలో ఇప్పుడు ఏం పండుతున్నది?" దీనికి జవాబు తెలుసుకున్నవాడికి ఏం తినాలో, ఎక్కడ తినాలో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

వియత్నాం దేశంలో దలాత్ అనే పట్నం ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉన్నది. 1893లో యెర్సిన్ అనే వైద్యుడు ఆ పీఠభూమిని చూశాడు. మరుసటి ఏడు ప్లేగు వ్యాధి క్రిమిని కనిపెట్టింది కూడా ఈయనే. ఆయన సలహా మీద ఫ్రెంచివారు అక్కడ ఆరోగ్యవిడిది కట్టుకున్నారు. చుట్టూ ఉష్ణదేశమే అయినా, ఎత్తు వల్ల దలాత్ చల్లగా ఉంటుంది. అందుచేత అక్కడ క్యాబేజీ, క్యారెట్టు, స్ట్రాబెర్రీ చక్కగా పండుతాయి. ఆ కూరలు సుమారు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న హోచిమిన్ నగరం దాకా పోతాయి. దలాత్ వీధుల్లో మట్టి అచ్చులలో బియ్యప్పిండి పోసి, బొగ్గుల మీద చిన్న చిన్న అట్లు కాలుస్తారు. వాటి పేరు బాన్ కాన్. చూస్తే మన గుంతపొంగనాలే అనుకుంటారు!

అటువంటి కూరల సీమ మన హైదరాబాదు ముంగిట కూడా ఉన్నది. మెహిదీపట్నంలో బస్సు ఎక్కి పడమటికి పోతే మొదట మొయినాబాదు, ఆ తరువాత చేవెళ్ల వస్తాయి. చేవెళ్ల నగరానికి సుమారు 40 కిలోమీటర్లు. ఇదీ పీఠభూమే. దలాత్ అంత ఎత్తు లేదు గాని, చలికాలపు రాత్రులు ఇక్కడ చల్లగా ఉంటాయి. ఆ దారి మర్రిచెట్లకు పేరు పొందింది. మొయినాబాదుకు ఒక పక్క గండిపేట చెరువు, ఇంకొక పక్క హిమాయత్ సాగర్. 1908లో మూసీనదికి వచ్చిన ఘోరమైన వరద తరువాత నగరాన్ని కాపాడటానికి ఈ రెండు జలాశయాలనూ కట్టారు. గండిపేట 1920లోనూ, హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తి అయినాయి.

సరే, ఇక తిండి సంగతి చూద్దాం. ఇక్కడ ఏం తినాలో ఋతువే చెబుతుంది.

వానకాలంలో పోతే మక్కకంకి తినాలి. నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారమూ చల్లి, నిమ్మచెక్కతో రుద్ది ఇస్తారు. లేతకంకి కోసిన గడియ నుంచే దానిలోని చక్కెర కొంచెం కొంచెంగా పిండిపదార్థంగా మారిపోతుంది. అందుచేత నగరానికి చేరిన కంకి కన్న చేను పక్కన కాల్చిన కంకి తీపి. చిలుకూరు బాలాజీ గుడికి పోయేవారు దారిలో ఇది తినటం మరచిపోరాదు. హుండీ లేని గుడిగా దానికి పేరు.

వానలు వెనుకబట్టగానే సీతాఫలాలు వస్తాయి. చలికాలంలో జామకాయలు, అనపకాయలు. అనపకాయలంటే సొరకాయలనుకునేరు! కోస్తా జిల్లాలవారు సొరకాయను "ఆనపకాయ" అంటారు. ఇక్కడి "అనపకాయ" చిక్కుడు జాతిది. ఉప్పు వేసి ఉడకబెట్టి, పొట్టలోని గింజలు ఒక్కొక్కటే వలుచుకు తింటారు. చేవెళ్ల క్యారెట్టు రుచి కూడా చలికాలంలోనే చూడాలి. చలికి తట్టుకోవటానికి ఆ దుంప తనలో చక్కెర పెంచుకుంటుంది. ఎండకాలం వచ్చిందా, తాటిముంజలు, అంబలి, చల్ల ఉండనే ఉన్నాయి.

ఏ కాలానికైనా సరిపోయే భోజనం ఒకటి ఉన్నది. అది జొన్నరొట్టె. దానితో పప్పు గాని, వంకాయకూర గాని, ఏదైనా తొక్కు గాని ఉంటే చాలు. మీ అమ్మ గోధుమపిండిని చన్నీళ్ళతో కలుపుతుంది గదా, జొన్నపిండికి వేడినీళ్ళు ఎందుకు పోస్తుంది? గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్నది. తడి తగలగానే అది జిగురుగా సాగుతుంది. జొన్నలో ఆ జిగురు లేదు. వేడినీళ్ళు పోస్తే జొన్నలోని పిండిపదార్థం ఉబ్బి, కొంత బంక వస్తుంది. ఆ బంకతోనే రొట్టె నిలుస్తుంది. అందుకే కర్రతో ఒత్తకుండా అరచేత్తో తట్టుతారు. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్దుతారు. చూడటానికి సులువుగానే ఉంటుంది గాని, చేతికి ఆ పని అబ్బాలంటే ఏళ్ళు పడుతుంది.

జొన్న వానలు తక్కువైనా తట్టుకునే పైరు. నీరు చాలకపోతే ఆకులు ముడుచుకుని తడిని కాపాడుకుంటుంది. వరి అంత నీరు దానికి అక్కరలేదు. ఇటువంటి చిరుధాన్యాల విలువ లోకానికి తెలపటానికే ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని వాటికి కేటాయించింది.

ఇప్పుడు ఆ కంచంలోకి ఒకసారి తొంగిచూడండి. కందులూ వంకాయా మన దేశానివే. జొన్న వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చింది. చింతపండు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే. మిరపకాయ, టమాటా, మక్కజొన్న, జామ, సీతాఫలం అన్నీ అమెరికా ఖండాలవి. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాత ఐరోపా నావికుల ఓడలలో అవి ఇటు వచ్చాయి. ఎక్కడెక్కడి మొక్కలో వచ్చి ఈ నేలలో కుదురుకున్నాయి. నేల ఉన్నది కాబట్టి చోటు దొరికింది.

ఆ నేల సంగతే ఇప్పుడు ఆలోచించవలసి ఉన్నది. 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. రెండు జలాశయాల నీరు చెడకుండా, చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో కాలుష్యం కలిగించే పరిశ్రమలూ, పెద్ద హోటళ్ళూ, నివాస కాలనీలూ రాకూడదని దాని సారాంశం. 2022లో ఇంకొక ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించారు. పొలం అమ్ముకున్న రైతును మనం తప్పుపట్టరాదు. టమాటా ధర పడిపోయిన నాడు కోతకూలి కూడా చేతికి రాదు. పిల్లల చదువులకూ పెళ్ళిళ్ళకూ అతనికీ డబ్బు కావాలి. పక్క పొలాలు ఉత్తర్వు వల్ల ధర లేకుండా ఉంటే ఆ నష్టం తానొక్కడే ఎందుకు మోయాలని అతను అడుగుతాడు. అందులో న్యాయం ఉన్నది. అయినా ఒకసారి ఇళ్ళు లేచిన నేల మళ్ళీ మడి కాదు. అప్పుడు మన కూరలు ఇంకా దూరం నుంచి రావాలి. దూరం పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది, రుచి తగ్గుతుంది. కంకి సంగతి చెప్పాను గదా!

మరి పిల్లలేం చేయగలరు? ఒక చిన్న పని ఉన్నది. ఈసారి అమ్మతో గాని, తాతయ్యతో గాని రైతుబజారుకు పోండి. ఈ రైతుబజార్లు 1999లో మొదలైనాయి. రైతు దళారి లేకుండా తన పంట తానే అమ్ముకుంటాడు. కూర తెచ్చినాయనను మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి: "పెద్దయ్యా, మీది ఏ ఊరు? ఇది ఎప్పుడు కోశారు? వచ్చే నెలలో ఏం వస్తుంది?" జవాబులు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పన్నెండు నెలలు రాస్తే, మీ ఊరి చుట్టూ ఏ నెలలో ఏం తినాలో చెప్పే పట్టిక మీ చేతిలోనే తయారవుతుంది. అది మీ ఇంటి వంటగదిలో గోడకు అంటించి, దాని ప్రకారం కూర కొనమని అమ్మను అడగండి.