తలుపు తెరచినవారెవరు?

క్రైస్తవ సంఘము తొలినాళ్లలో ఎట్లు పెరిగినదో పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు ఉపాధ్యాయులు సాధారణముగా అంకెలతో ప్రారంభింతురు. మొదట యెరూషలేమున కూడిన సహోదరులు సుమారు 120 మంది; పెంతెకొస్తు పండుగనాడు చేరినవారు సుమారు 3,000; కొలది కాలములోనే పురుషుల సంఖ్యయే 5,000. నల్లబల్లమీద ఈ అంకెలు వ్రాయుట సులభము. పరీక్షలో అడుగుట మరింత సులభము. కాని బయటివారిని ఎట్లు చేర్చుకొనిరను ప్రశ్నకు ఈ అంకెలు సమాధానము చెప్పవు. పార్తీయులు, మాదీయులు, ఐగుప్తువారు, రోమునుండి వచ్చినవారు, క్రేతీయులు, అరబీయులు అని ఆ పండుగనాటి జనమును గ్రంథము పేరుపేరున లెక్కించును. దేశములు వేరు, భాషలు వేరు. అయినను వారందరును యూదులో, యూదమతమున ప్రవేశించినవారో. అనగా ఇల్లు నిండినది గాని, వీధి తలుపు ఇంకను తెరువబడలేదు.

ఆ తలుపు తెరువబడిన కథ తగవుల కథ. పిల్లలకు పెద్దల తగవులు చెప్పరాదని కొందరి అభిప్రాయము. నేనట్లు తలంపను. ఆటలో చేర్చుకొనకపోవుట అననేమో మనకంటె పిల్లలకే బాగుగ తెలియును. తగవును తీసివేసి చెప్పినచో ఈ కథలో మిగులునవి పటములోని ఊళ్ల పేర్లు మాత్రమే.

ఈ వృత్తాంతమునకు ముఖ్యాధారములు రెండు. ఒకటి, 28 అధ్యాయముల ‘అపొస్తలుల కార్యములు’. దీనిని లూకా వ్రాసెనని సంప్రదాయము, క్రీ.శ. 80–90 ప్రాంతమున వెలసినదని పండితులలో చాలమంది అభిప్రాయము. రెండవది, అంతకు ముందే పౌలు వ్రాసిన లేఖలు. మొదటిది కథను వరుసగా నడపును. రెండవది ఆ కథ చెప్పక విడిచిన మాటను కొన్నిచోట్ల బయటపెట్టును. బోధించువారు రెండును చదువుకొనవలెను.

మొదటి తగవు అన్నమును గూర్చినది. యెరూషలేము సంఘమున ప్రతిదినము విధవలకు ఆహారము పంచిపెట్టుచుండిరి. స్థానికభాష మాటలాడువారికి అందుచున్నది, గ్రీకుభాష మాటలాడు విధవలకు అందుట లేదని సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. సంఘమునంతటిని పిలిచి, మీలో ఏడుగురిని ఏర్పరచుకొనుడని చెప్పిరి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షమువారి చేతికే గరిటె వచ్చినదని దీనినిబట్టి ఊహింపవచ్చును. ఏడవవాడగు నీకొలాసు పుట్టుకచేత యూదుడు కూడ కాడు. అంతియొకయవాడు, యూదమతమున చేరినవాడు. చిన్న తరగతులకు ఈ పాఠమొక్కటి చాలును. పేర్లను వల్లె వేయింపనక్కరలేదు, అవి ఏ భాషవో గుర్తించిన చాలును.

ఆ ఏడుగురిలోని ఫిలిప్పు సమరయకు పోయెను. పిమ్మట గాజా మార్గమున రథముపై పోవుచున్న ఐతియొపీయుల రాణి కందాకే కోశాధికారిని కలిసికొనెను. రథము, ఎడారిదారి, దారిలో నీళ్లు ఉన్న కథ పిల్లలకెట్లును ప్రీతికరమే గనుక దానినిచ్చట విస్తరింపను.

అసలు ఘట్టము యొప్పే పట్టణమున ఆరంభమగును. పేతురు అచ్చట సముద్రతీరమున సీమోను అను చర్మకారుని యింట బసచేసియుండెను. చచ్చిన పశువుల తోళ్లతో పనిచేయువాని యింటికి ఆచారనిష్ఠగలవారు దూరముగానే మెలగుచుండిరి. మన దేశమున ఈ మాట విన్న పిల్లలకు వ్యాఖ్యానము అక్కరలేదు. బోధకులు చాలమంది ఈ సీమోనును గమనింపకయే ముందునకు సాగిపోవుదురు. పెద్ద తలుపు తెరచుటకు ముందే పేతురు ఒక చిన్న గడప దాటియున్నాడని నాకు తోచును.

మధ్యాహ్నవేళ మిద్దెపై ప్రార్థించుచు ఆకలిగొనిన పేతురునకు ఒక దర్శనము కలిగెను. నాలుగు చెంగులు పట్టి దింపిన పెద్ద దుప్పటి వంటిది ఆకాశమునుండి దిగెను. అందులో తినదగినవి, తినదగనివి సకల జంతువులు ఉండెను. చంపుకొని తినుమని ఒక స్వరము వినబడెను. నిషిద్ధమైన దానిని తానెన్నడును తినలేదని పేతురు మారుపలికెను. ఇట్లు ముమ్మారు జరిగెను. దీని భావమేమో తెలియక ఆయన తికమకపడుచుండగనే కైసరయనుండి మనుష్యులు వచ్చి వాకిట నిలిచి పిలిచిరి. వారిని పంపినవాడు కొర్నేలి, రోమను సైన్యమున శతాధిపతి. భక్తిపరుడే, దానధర్మములు చేయువాడే. అయినను దేశమును పాదము క్రింద నుంచుకొన్న సేనకు అధికారి. బయటివాడనిన ఇంతకంటె బయటివాడు వేరొకడుండునా? పేతురు వచ్చినవారిని లోనికి పిలిచి ఆ రాత్రి ఆతిథ్యమిచ్చెను. మరునాడు బయలుదేరి, తీరము వెంబడి సుమారు 50 కిలోమీటర్లు నడచి, కొర్నేలి యింట అడుగుపెట్టెను.

యెరూషలేమునకు మరలి వచ్చిన పేతురును కొందరు నిలదీసిరి. వారికి ఏమి బోధించితివని వారడుగలేదు. సున్నతి లేనివారితో కూర్చుండి భోజనమేల చేసితివని అడిగిరి. తెలుగు పిల్లలకు ‘పంక్తి’ అను ఒక్క మాట చెప్పిన చాలును. పెండ్లిబంతిలో ఎవరిని ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టుదురో, ఎవరికి వేరుగ ఆకు వేయుదురో చూచిన పిల్లవానికి ఈ ప్రశ్న దూరదేశపు ప్రశ్నగా తోచదు. గ్రంథకర్త ఈ కొర్నేలి వృత్తాంతమును 10వ అధ్యాయమున తాను చెప్పి, 11వ అధ్యాయమున పేతురుచేత మరల చెప్పించి, 15వ అధ్యాయమున మూడవమారు గుర్తుచేయించెను. చేతివ్రాతల కాలమున ఒక కథను మూడుసార్లు వ్రాయుట ఊరక చేసిన పని కాదు.

ఇచ్చటనే ఉపాధ్యాయుడు మిక్కిలి జాగ్రత్తపడవలెను. కథకు దుష్టపాత్ర ఒకటి కావలెననుకొని, అడ్డుచెప్పిన యూదులను సంకుచితులుగను, పేతురు పౌలులను ఉదారులుగను చిత్రించుట చాల తేలిక. కాని పేతురు యూదుడు. పౌలు యూదుడే, పైగా పరిసయ్యుడు. బర్నబా లేవీయుడు. యేసును యూదుడే. తలుపునకు అడ్డుగా నిలిచినవారును, తెరచినవారును ఒకే యింటివారు. తెలుగు బైబిలులో ‘అన్యజనులు’ అను మాట ఎవరికి చెల్లునని తరగతిలో అడిగి చూడవలెను. పాఠము చెప్పువారికిని, వినువారికిని, ఈ వ్యాసకర్తకును అది చెల్లును. ఈ కథలో తెలుగువారము లోపల కూర్చున్నవారము కాము, వాకిట నిలిచినవారము.

అడ్డుచెప్పినవారి పట్టుదలకు చరిత్ర కలదు. క్రీ.పూ. 167 ప్రాంతమున సిరియానేలిన నాల్గవ అంతియొకసు రాజు సున్నతిని, విశ్రాంతిదినాచారమును నిషేధించి, పందిమాంసము తినుమని యూదులను నిర్బంధించెను. ఆచారము విడువనొల్లక అనేకులు ప్రాణములు విడిచిరి. మక్కబీయుల గ్రంథములు ఆ వృత్తాంతములను చెప్పుచున్నవి. తాతముత్తాతలు ప్రాణమిచ్చి నిలిపిన దానిని ఇకమీదట పట్టించుకొననక్కరలేదనిన ఎవరి మనసు నొచ్చుకొనదు? దీనిని పిల్లలకు ముందుగ చెప్పి, ఆ తరువాత దుప్పటి దర్శనము చెప్పవలెను. అప్పుడు గాని పేతురు దాటిన గడప ఎత్తు వారికి తెలియదు.

నేను దీనిని ఇంతగా నొక్కి చెప్పుటకు కారణమున్నది. ఫ్రాన్సు దేశమున జూల్ ఇజాక్ (1877–1963) అను యూదు పండితుడుండెను. పాఠశాలల చరిత్ర పుస్తకముల కర్తగా ఆ దేశపు బాలురందరికి తెలిసిన పేరు. 1943లో నాజీలు ఆయన భార్యను, కుమార్తెను పట్టుకొనిపోయిరి. వారు ఔష్విట్స్ నిర్బంధశిబిరమున అంతమైరి. క్రైస్తవ బోధలో తరతరములుగా పిల్లలకు యూదులనుగూర్చి ఏమి నేర్పబడినదో పరిశోధించుటకు ఆయన తన శేషజీవితమును వినియోగించి, దానికి తిరస్కారమును నేర్పు బోధ అని పేరు పెట్టెను. 1960 జూను 13న పోపు 23వ జాన్‌ను స్వయముగా కలిసికొని తన మాట నివేదించెను. యేసు మరణదోషమును నాటి యూదులందరిపై గాని, నేటి యూదులపై గాని మోపరాదనియు, మతబోధలో వారిని శాపగ్రస్తులుగ చూపరాదనియు రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించెను. ఇజాక్ అప్పటికి రెండేండ్ల క్రిందటనే కన్నుమూసెను. ఆదివారపు బడిలో నలుగురు పిల్లల ముందు చెప్పిన కథ ఎంతదూరము పోగలదో పాఠ్యపుస్తకములు వ్రాసిన ఆ వృద్ధునికంటె బాగుగ ఎరిగినవారు అరుదు.

ఇక అంతియొకయ. రోము, అలెగ్జాండ్రియాల తరువాత సామ్రాజ్యమున అంతటి నగరము లేదు. నేటి తుర్కియే దేశమునందలి అంతాక్యా అదియే. 2023 ఫిబ్రవరి భూకంపమున ఘోరముగ దెబ్బతినినది. అచ్చట గ్రీకులతో మొట్టమొదట మాటలాడినవారు కుప్ర, కురేనేలనుండి వచ్చిన కొందరు. వారి పేర్లు ఎవరును వ్రాసిపెట్టలేదు. ‘క్రైస్తవులు’ అను పేరు పుట్టినది ఆ ఊరనే. సంఘపు పెద్దలలో బర్నబా కుప్రద్వీపమువాడు, సుమెయోనునకు లాటినులో నలుపు అని అర్థమిచ్చు ‘నీగెరు’ అను మారుపేరు కలదు, లూకియ ఆఫ్రికాతీరపు కురేనేవాడు, మనయేను హేరోదుతో కూడ పెరిగినవాడు, సౌలు తార్సువాడు. ఈ ఐదుగురి ఊళ్లను పటముమీద వెదకుట పిల్లలకు మంచి ఆట.

బయటివారు సున్నతి పొందవలెనా వలదా అని తేల్చుటకు క్రీ.శ. 49 ప్రాంతమున యెరూషలేమున పెద్దలు సభ తీరిరి. ఎంతో తర్కము జరిగిన పిమ్మట, వలదని యాకోబు తీర్మానము చెప్పెను. విగ్రహములకు అర్పించినది, రక్తము, గొంతు పిసికి చంపినది, వ్యభిచారము, ఈ నాలుగింటిని మాత్రము విసర్జింపవలెనని ఉత్తరము వ్రాసి పంపిరి. ఇందులో మూడు భోజనమునకు సంబంధించినవే. ఇరుపక్షములవారు ఒకే పంక్తిలో కూర్చుండుటకు ఇది ఏర్పాటని పలువురు వ్యాఖ్యాతల భావము. ఐనను పంక్తి కుదురుకొనలేదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజించుచున్న పేతురు, యాకోబు నొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తీసెను. బర్నబా కూడ ఆయన వెంట పోయెను. పౌలు పేతురును అందరియెదుట ముఖముననే అడిగెను. ఈ సంగతి ‘కార్యముల’లో లేదు, పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో ఉన్నది. పెద్దవారును వెనుకకు తీయుదురని పిల్లలకు చెప్పుటకు జంకవలదు. వారికది తెలియనిది కాదు.

సంఖ్యలకు వత్తము. అమెరికా సమాజశాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ 1996లో ప్రకటించిన గ్రంథమున ఒక అంచనా వేసెను. గ్రంథములోని వేలను ప్రక్కనుంచి, క్రీ.శ. 40లో 1,000 మందితోనే ఆయన లెక్క ఆరంభించెను. పదియేండ్లకు నూటికి నలువది చొప్పున పెరిగినచో 100 నాటికి సుమారు 7,500 మంది, 300 నాటికి 60 లక్షలకు పైబడి అగుదురు. ఏటికెంత? 50 మంది కూడు ఇంటికి ఇద్దరు క్రొత్తవారు వచ్చిన సరిపోవును. పిల్లలచేత ఈ లెక్క చేయింపవలెను. ఒక్కనాటి 3,000 కంటె, ఏడాదికి ఇద్దరే అను మాట వారిని ఎక్కువ ఆశ్చర్యపరచును.

అట్టి ఇల్లొకటి భూమిలో దొరికినది. సిరియాలో యూఫ్రటీసు తీరమునందలి దురా యూరోపస్ పట్టణము క్రీ.శ. 256 ప్రాంతమున నాశనమై మట్టి క్రింద నిలిచిపోయెను. 1930 తరువాతి త్రవ్వకములలో అచ్చట ఒక సాధారణపు మండువా యిల్లు బయటపడినది. రెండు గదుల నడిమి గోడ తీసివేసి, సుమారు 70 మంది పట్టు ఒకే గదిగా చేసియుండిరి. మనుష్యులు పెరిగిరి గనుక గోడ తీసిరి.

దాదాపు ఆ కాలముననే, 251లో, రోము సంఘపు బిషప్పు వ్రాసిన లేఖలో తమ సంఘము 1,500 మందికి పైగా విధవలను, ఆపన్నులను పోషించుచున్నదని చెప్పెను. యెరూషలేములో సణుగుడుతో మొదలైన పంపకము రెండువందల యేండ్లకు ఇంతైనది. ఆ బిషప్పు పేరును కొర్నేలియే.

పై తరగతులవారికి మాత్రము ఇంకొక పుట చదివి వినిపింపవలెను. 380లో చక్రవర్తి థియొడోసియసు క్రైస్తవమును రాజమతముగ చేసెను. 388లో అదే యూఫ్రటీసు తీరమున కల్లినికుము పట్టణమునందు క్రైస్తవుల గుంపు యూదుల ప్రార్థనాలయమును తగులబెట్టెను. దానిని తిరిగి కట్టింపుమని చక్రవర్తి ఆ ఊరి బిషప్పును ఆజ్ఞాపించెను. మిలాను బిషప్పు అంబ్రోసు పట్టుపట్టి ఆ ఆజ్ఞను మాన్పించెను. ఇంటివారెవరు, వాకిట నిలిచినవారెవరు అను ప్రశ్నను ఈ పుట దగ్గర మరల అడుగవలెను.

పాఠము ముగించుటకు నేను సూచించునది యెరూషలేము సభను నాటకముగ ఆడించుట. వేషములు అక్కరలేదు; తరగతిని రెండు వరుసలుగ కూర్చుండబెట్టిన చాలును. సున్నతి కావలెనను పక్షమునకు బాగుగ మాటలాడగల పిల్లలనే ఏర్పరుపవలెను; నాల్గవ అంతియొకసు కథ వారిచేతనే చెప్పింపవలెను. బర్నబా పౌలులకు సిగ్గరులైనను పరవాలేదు. తీర్మానమైన పిదప ఉత్తరమును ఒకరు వ్రాయవలెను, ఇద్దరు తీసికొనిపోవలెను. అంతియొకయవారు దానిని చదువుకొని సంతోషించిరని గ్రంథమున ఉన్నది గనుక ఆ పూటకు అచ్చట ఆపవచ్చును. పేతురు పంక్తినుండి లేచిన సంగతి పైవారమునకు ఉంచుకొనవలెను.