గుండెజబ్బు మనిషికి కొబ్బరినీళ్ళు ఇవ్వవచ్చునా?



జబ్బుమనిషిని చూడబోయేటప్పుడు మనం వట్టిచేతులతో వెళ్ళం. మా పేరాలలో అయితే రెండు కొబ్బరిబోండాలో, అరడజను అరటిపళ్ళో పట్టుకు వెళతాం. చలవ చేస్తాయని మన నమ్మకం. కాదనను గానీ, హార్ట్ ఫెయిల్యూర్‌కు మందులు వాడేవారి ఇంట్లో మాత్రం బోండాం కొట్టేముందు కాస్త ఆగాలి.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవటం కాదండీ. ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేక గుండె నీరసించటం. కాళ్ళకు నీరు పడుతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఇందుకు డాక్టర్లు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు గుండెకు మేలు చేస్తూనే, మూత్రంలో పోవలసిన పొటాషియాన్ని కొంత ఒంట్లోనే నిలిపేస్తాయి. రక్తపరీక్ష కాగితంలో అది 3.5కూ 5కూ మధ్య ఉండాలి. 5.5 దాటితే డాక్టరుగారు మోతాదు సంగతి చూస్తారు. 6 దాటితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. గుండె లయ తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు. చిక్కేమిటంటే, చాలామందికి ఇది పెరుగుతున్నట్టే తెలియదు.

అయితే ఆ బిళ్ళలే మానేస్తే పోలేదా అంటారేమో, ఆ పని మాత్రం చేయకండి! తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారికి స్పైరనోలాక్టోన్ చేర్చి ఇస్తే మరణాలు నూటికి 30 వంతులు తగ్గాయని 1999లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. అది విని కెనడాలోని అంటారియోలో డాక్టర్లు విరివిగా రాశారు. అక్కడ పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యిమంది రోగులకు 2.4 అయితే, 2001 నాటికి 11 అయ్యారు. పరిశోధనలో రోగులను ఏరి తీసుకుని, రక్తం పరీక్షిస్తూ ఇచ్చారు. బయట అంత శ్రద్ధ ఎక్కడిది? అందుకే ఈ మందు మొదలుపెట్టాక వారానికొకసారి, నెలకు మరోసారి, ఆపైన డాక్టరు చెప్పిన గడువుల్లో పరీక్ష తప్పనిసరి.

ఇక మన వంటింటి సంగతి. ఉప్పు తగ్గించమన్నారు కదా అని కొందరు బజారులో దొరికే లో సోడియం ఉప్పు తెస్తున్నారు. అందులో సోడియం తగ్గించి వేసేది పొటాషియం క్లోరైడే! ఈ రోగులకు అది పనికిరాదు. మామూలు ఉప్పే తగ్గించి వేయండి, నిమ్మకాయ పిండండి. అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, పెద్ద గ్లాసు కొబ్బరినీళ్ళలో అంతకు తక్కువ ఉండదు. చుట్టాలు తెచ్చిన బోండాలు పిల్లలు తాగుతారు లెండి. కూరలు ఉడికించిన నీళ్ళు పారబోయవద్దని మనం ఎన్నోసార్లు విన్నాం. ఇక్కడ అది తిరగబడుతుంది. పొటాషియం ఎక్కువైనవారికి బంగాళాదుంప, ఆకుకూర ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేయాలి.

అలాగని ఇంట్లో అందరికీ పళ్ళు మాన్పించకండి. లాసిక్స్ వంటి నీటిబిళ్ళ వేసుకునేవారికి పొటాషియం తగ్గనూవచ్చు, అప్పుడు అరటిపండు తినమని డాక్టరే చెప్పవచ్చు. ఏది మీ ఇంటి కేసో రక్తపరీక్ష కాగితమే చెప్పాలి.

మా ఊళ్ళో మగ్గం గుంటలో కూర్చుని జీవితమంతా నేసినవాళ్ళున్నారు. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి అంటూ మందులషాపులో అడిగి బిళ్ళలు మింగుతారు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి మూత్రపిండాలను దెబ్బతీసి పొటాషియాన్ని పెంచుతాయి, ఒంటికి నీరు కూడా పట్టిస్తాయి. నా మటుకు, అరటిపండు కన్నా ఈ బిళ్ళకే ఎక్కువ భయపడతాను. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ.

పొటాషియాన్ని పేగుల్లోనే పట్టుకుని బయటకు పంపే పొడి మందులు కూడా ఇప్పుడు వచ్చాయి. వాటి అండతో గుండె బిళ్ళలు మానకుండా సాగించే వీలుంది. అవసరమా కాదా డాక్టరుగారినే అడగండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం తెల్లవారేదాకా చూడవద్దు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు మందగించి పొటాషియం త్వరగా పేరుకుంటుంది. ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. కొన్ని బిళ్ళలు ఒకటి రెండు రోజులు ఆపి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయనే చెబుతారు. ఏ బిళ్ళ ఆపాలో ముందుగానే అడిగి, మందుల చీటీ వెనక మీ చేత్తో రాసి పెట్టుకోండి.