పాత కిటికీకి కొత్త గోడ

ఈమధ్య ఎవరింటి గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో ఓ పాత కిటికీ కనిపిస్తోంది. గోడలో కాదండోయ్, గోడ మీద! రెక్కలకు వార్నిష్ కొట్టి, ఊచల వెనక అద్దం బిగించి, పక్కన ఓ ఇత్తడి గంట వేలాడదీస్తున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ముచ్చటపడి గడియ తీయబోతే మాత్రం రాదు, మేకులు కొట్టేసి ఉంటారు. నాకెందుకో అలా బిగించేసిన కిటికీని చూస్తే ఊపిరాడనట్టుంటుంది. కిటికీ అన్నాక తెరుచుకోవాలి కదా!

ఇలాంటివాటి కోసం కొందరు తమిళనాడులోని కారైక్కుడి దాకా వెళ్తున్నారు. అక్కడి మునీశ్వరన్ కోయిల్ వీధిలో చెట్టియార్ల ఇళ్ల నుంచి వచ్చిన బర్మా టేకు స్తంభాలు, తలుపులు, కిటికీలు వరుసగా పెట్టి అమ్ముతారు. అంత దూరం పోవాలా అని నా అనుమానం. మన కర్నూలు, కడప పల్లెల్లో అన్నదమ్ములు పంచుకున్న మిద్దెలు పడగొడుతుంటే కిటికీలు కట్టెల లెక్కన తూకానికి పోతున్నాయి.

ఇంకో రకం కిటికీలూ ఉన్నాయి మన దగ్గర. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. 2020లో గండికోట జలాశయం కింద కడప జిల్లా తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. ఇలా ఊరు వదలాల్సి వచ్చినప్పుడు గోడల్లోంచి ఊడబెరికి బండ్లకెత్తుకునేది తలుపులూ కిటికీలే. మట్టి ఎక్కడైనా దొరుకుతుంది, రాళ్లు దొరుకుతాయి, అంత మంచి కొయ్య మళ్లీ కొనాలంటే ఎవరివల్ల అవుతుంది? సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది. ఇళ్లు మాత్రం అలా తిరిగిరావు.

మా అత్తమ్మ పుట్టిల్లు ఆత్మకూరు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. ఆ ఇంటి కిటికీ ఒకటి మా దొడ్లో, గడ్డివాము పక్కన, ఏళ్ల తరబడి పడి ఉంది. మేం కర్నూల్లో ఇల్లు కట్టుకుంటూ దాన్ని తెప్పిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "మునిగిన ఇంటి కొయ్య కొత్తింటికి యాల అమ్మీ?" అంది. పాత కొయ్య కొత్తింటికి అచ్చిరాదని చాలామందికి పట్టింపే. నేను వాదన పెట్టుకోలేదు. వడ్రంగి ఆచారిని తీసుకెళ్లి చూపించానంతే. ఆయన ఉలితో చిన్న పెచ్చు లేపి చూసి, "అక్కా, దీంట్లో ఇంక ఎండేది ఏం ల్యా. కొత్త టేకు పెడితే రెండెండాకాలాలకే వంకర పోతాది" అన్నాడు. వీధి వైపు కాకుండా వంటింటి వైపు పెడితే పెట్టుకోమంది అత్తమ్మ. సరేనన్నాను.

బిగించాకే తెలిసింది దాని తెలివి! దానికి రెక్కలు నాలుగు. కింద రెండు, పైన రెండు. కింది రెక్కలు మూసి పైవి తీస్తే వీధిలోవాళ్లకు మనం కనబడం, మనకు గాలీ వెలుతురూ వస్తాయి. మధ్యాహ్నం కొంగు జారినా పట్టించుకోకుండా నడుం వాల్చే ఆడవాళ్ల కోసమే చేశారా అనిపిస్తుంది. ఇప్పటి రెండు పలకల అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. పైగా మన వడగాలుల్లో అద్దం గుండా ఎండ నేరుగా లోపలికొస్తుంది. చెక్క రెక్కలైతే పొద్దున పదికల్లా మూసేసి, సాయంత్రం చల్లబడ్డాక బార్లా తీసుకోవచ్చు. మా అమ్మమ్మల కాలంలో వేసవంతా చేసింది ఇదే.

ఇంకో సంగతి. పాత కిటికీలు నేలకు బాగా దగ్గరగా ఉండేవి. ఆ రోజుల్లో కూర్చోవడం, వండుకోవడం, పడుకోవడం అంతా నేలమీదే కాబట్టి గాలి అక్కడికే రావాలి. మేస్త్రీ మామూలుగా పెట్టే మూడడుగుల ఎత్తులో దాన్ని పెడితే అందం సగం పోతుంది. మేం అడుగున్నర ఎత్తులో పెట్టించాం. పాతింట్లో రాతి గోడ రెండడుగుల మందం, కిటికీలోనే ఓ మనిషి కూర్చునేంత చోటుండేది. మన తొమ్మిదంగుళాల గోడకు ఆ భాగ్యం లేదు కనక, లోపలివైపు అడుగు ముందుకొచ్చేలా బేతంచెర్ల బండ వేయించాం. దానికింద ఇటుక ఆనింపు ఉండాలి. మేడ మీద ఇలా కిందికి పెడితే మాత్రం ఊచలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. పసిపిల్లలుంటే ఊచల మధ్య సందు నాలుగంగుళాలు దాటకూడదు.

కొనేటప్పుడు పైపై నగిషీలు చూసి మోసపోకండి. కింది అడ్డచెక్కను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. వాన నీళ్లు దిగేది అక్కడే, చెదలు మొదలయ్యేదీ అక్కడే. వేలితో తడితే డొల్ల మోత వస్తే వదిలేయండి. బందులు తుప్పు పట్టినా ఫర్వాలేదు, మార్చుకోవచ్చు. కడప, రాజంపేట వైపు ఎవరైనా "ఇది ఎర్రచందనం" అని ఊరిస్తే మాత్రం కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు, అటవీశాఖతో తంటా.

అన్నిటికన్నా జాగ్రత్త పాత రంగుతో. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఎంతుందో మనకేం తెలుసు? పొడిగా ఎమరీ పేపరు పెట్టి రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి రుద్దించండి, మూతికి మాస్కు ఉండాలి, గర్భిణులూ పిల్లలూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తర్వాత చీపురు పట్టకండి, తడిగుడ్డతో తుడవండి. రంగు పోయాక రెండుసార్లు అవిసె నూనె పట్టిస్తే చాలు. వార్నిష్ మెరుపు నాకు నచ్చదు, అది మీ ఇష్టం. గోడలో బిగించేటప్పుడు పైన లింటెల్ తప్పనిసరి. గోడ బరువు కిటికీ మీద పడిందా, ఆరు నెలల్లో రెక్కలు పట్టేస్తాయి. దోమల మెష్ విడి ఫ్రేముకు కొట్టించి లోపలివైపు పెట్టుకోండి, పాత చెక్కకు మేకులు దించొద్దు.

అద్దె ఇంట్లో ఉన్నాం, గోడ పగలగొట్టలేం అంటారా? హాలుకూ భోజనాల గదికీ మధ్య చెక్క స్టాండు మీద నిలబెట్టి అడ్డుగా వాడుకోవచ్చు. రెక్కలు తెరిస్తే అన్నం వడ్డించే దారి, మూస్తే తెర. ఇల్లు మారినప్పుడు మీతోబాటే వస్తుంది. మేకులు కొట్టకుండా ఉంటే చాలు.

మా కిటికీ ఎడమ వైపు కింది రెక్క ఇప్పటికీ పూర్తిగా మూసుకోదు. చిత్రిక పడతానని ఆచారి అంటాడు. అక్కడ కూడా అది అట్లే ఉండేది, పట్టొద్దు అంటుంది అత్తమ్మ. పొద్దున్నే బేతంచెర్ల బండ మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుతుందక్కడ. వాళ్లింట్లో అందులోంచి ఏరు కనిపించేదట. ఇక్కడ పక్కింటివాళ్ల నీళ్ల మోటరు కనిపిస్తుంది.