పోయిందనుకున్న డేటా ఎక్కడుంటుంది?

ఇంట్లో రౌటర్ పక్కన రాత్రింబవళ్లు పచ్చలైటు వేసుకుని కూర్చునే నాస్ పెట్టె (నెట్‌వర్క్ ద్వారా ఇంటిల్లిపాదికీ ఫైళ్లు అందించే డిస్కు పెట్టె) ఒకరోజు ఉన్నట్టుండి పలకడం మానేస్తుంది. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, తాతగారి మాటలు రికార్డు చేసిన ఫైళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. కాసేపటికి ఎవరో ఒకరు స్క్రూలు విప్పి, లోపలి హార్డ్‌డిస్కు తీసి కంప్యూటర్‌కి తగిలిస్తారు. విండోస్ వెంటనే అడుగుతుంది: ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? చాలా ఇళ్లలో అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ క్షణంలోనే. అప్పటిదాకా చెడిపోయింది పెట్టె మాత్రమే. డిస్కు మీద రాసినవి చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిని చదవడం విండోస్‌కి రాదు, అంతే.

ఎందుకు రాదో తెలియాలంటే ఈ యంత్రం కథ కొంచెం వెనక నుంచి చెప్పుకోవాలి.

1950ల మొదట్లో పెద్ద కంపెనీల లెక్కలు చాలావరకు పంచ్ కార్డుల్లో ఉండేవి. ఒక్క ఖాతా వివరం కావాలంటే కట్టలకు కట్టలు యంత్రంలో తిప్పాల్సిందే. ఆ తిప్పలు తప్పించే పని ఐబీఎం రేనాల్డ్ జాన్సన్‌కి అప్పగించింది. ఆయన ఒకప్పుడు హైస్కూలు మాస్టారు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టిన పరీక్ష పేపర్లను దిద్దే యంత్రం కనిపెట్టి ఐబీఎంలో చేరాడు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఆయన బృందం 24 అంగుళాల వెడల్పున్న అల్యూమినియం పళ్లేలకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు పూసి, దాని మీద అయస్కాంతంతో రాయాలనుకుంది. రంగు ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పడాలి. చివరికి వాళ్లకు దొరికిన ఉపాయం ఇది: రంగును మేజోళ్ల గుడ్డలో వడగట్టి, కాగితపు కప్పుతో కొలిచి, గిర్రున తిరుగుతున్న పళ్లెం మధ్య భాగంలో పోయడం. తిరిగే వేగానికి అది అంచుదాకా సమంగా పరుచుకునేది.

1956 సెప్టెంబరులో ర్యామాక్ అనే ఆ కంప్యూటర్ బయటికొచ్చింది. దాని డిస్కు యూనిట్‌లో 50 పళ్లేలు, మొత్తం పట్టేది 50 లక్షల అక్షరాలు. నెలకు అద్దె 3,200 డాలర్లు. ఇవాళ ఫోన్‌తో తీసే ఫొటోలు ఒకటి రెండు పెడితే అది నిండిపోతుంది. అయినా ఆ యంత్రం తెచ్చిన మార్పు చిన్నది కాదు. కావలసిన సమాచారం ఎక్కడుందో అక్కడికే నేరుగా వెళ్లి చదవడం అంత పెద్ద ఎత్తున దానితోనే సాధ్యమైంది.

1973లో ఐబీఎం వించెస్టర్ డిస్కు తెచ్చింది. పళ్లేలను, వాటిని చదివే హెడ్‌లను ఒకే మూసిన అరలో బిగించేశారు. ఇప్పటి హార్డ్‌డిస్కులన్నీ ఆ వంశానివే. ఇంట్లో ఎవరూ డిస్కు మూత విప్పకూడదని అనడానికి కారణం అక్కడే ఉంది. నాస్‌లో వాడే చాలా డిస్కుల్లో పళ్లెం నిమిషానికి సుమారు 5,400 సార్లు తిరుగుతుంది. దాని బయటి అంచు వేగం గంటకు సుమారు వంద కిలోమీటర్లు, హైవే మీద కారు వెళ్లేంత. ఆ వేగంలో హెడ్ పళ్లేనికి తగలకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తున సన్నటి గాలి పొర మీద తేలుతుంది. మన తలవెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది. గాలిలో కంటికి కనపడని ధూళి రేణువు కూడా హెడ్‌కి బండరాయే. హెడ్ ఒక్కసారి పళ్లేన్ని రాసుకుందంటే అయస్కాంత పొర లేచిపోతుంది. లేచిపోయిన చోట ఉన్న డేటాను ఎవరూ తిరిగి తేలేరు.

ఒక డిస్కు ఎప్పుడో అప్పుడు పోతుందని తెలిశాక నాలుగు డిస్కులను కలిపి వాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రం దీనికి రెయిడ్ అని పేరు పెట్టింది. మెయిన్‌ఫ్రేమ్‌ల ఖరీదైన పెద్ద డిస్కు బదులు పీసీల్లో వాడే చవక డిస్కులు గుంపుగా పెట్టి, అందులో ఒకటి పోయినా పని ఆగకుండా చేయవచ్చని వాళ్లు చూపించారు. కిటుకు చిన్న లెక్కే. మొదటి డిస్కులో 1, రెండో దానిలో 0 ఉన్నాయనుకోండి. రెండూ వేరువేరు కాబట్టి మూడో డిస్కులో 1 రాస్తారు. రెండూ ఒకటే అయితే 0 రాసేవారు. రెండో డిస్కు కాలిపోయింది. మిగిలినవి 1, 1. అంటే పోయిన అంకె మొదటి దానికి వేరుగా ఉండాలి, కాబట్టి అది 0. కోట్లాది అంకెలకు ఇదే లెక్క చేస్తూ పోతే పోయిన డిస్కు మొత్తం కొత్త డిస్కు మీదికి వచ్చేస్తుంది. నాకు కంప్యూటర్ శాస్త్రంలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత పెద్ద మేలు చేసిన ఆలోచన మరొకటి కనపడదు.

కానీ రెయిడ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే షాపులో కొని ఉంటారు. ఒకటి అరిగిందంటే మిగతావీ అంతే అరిగి ఉంటాయి. కొత్తది పెట్టగానే మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి, గంటల తరబడి. ఇళ్లలో వాడే చాలా డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ, పన్నెండున్నర లక్షల కోట్ల బైట్లు, అంటే 12.5 టెరాబైట్లు చదివితే చదవలేని చోటు ఒకటికి మించదని. పెద్ద డిస్కుల్లో ఆ హద్దు దూరంగా ఏమీ లేదు.

ఇక ఇంటి పెట్టె సంగతి. 1990లలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ రాసిన సాంబా అనే ప్రోగ్రామ్ వల్ల యూనిక్స్, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లతో నడిచే యంత్రాల్లోని ఫైళ్లు విండోస్ కంప్యూటర్లకు తమ సొంత ఫోల్డర్లలా కనిపించసాగాయి. చిన్న ప్రాసెసర్, లైనక్స్, సాంబా, లైనక్స్‌లోనే ఉన్న రెయిడ్ సౌకర్యం, ఒకటో రెండో డిస్కులు: ఇళ్లలో వాడే నాస్ పెట్టెల్లో అత్యధికం ఇంతే. మూత మీద ఎవరి పేరున్నా లోపల ఉండేది లైనక్స్, డిస్కు మీద ఫైళ్లను సర్దే పద్ధతి (ఫైల్ సిస్టమ్) ఎక్కువగా దాని ఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్. విండోస్‌కి అవి తెలియవు కాబట్టే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. ఏ పాత కంప్యూటర్‌నైనా లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే అదే డిస్కు మామూలుగా చదవగలదు.

పెట్టె ఆగినప్పుడు ముందు చేయాల్సింది చెవి పెట్టి వినడం. డిస్కు మెత్తగా తిరుగుతున్న శబ్దం వస్తుంటే, లేదా అసలు కరెంటే అందడం లేదంటే, అనుమానం అడాప్టర్ మీద. వేసవి ఈదురుగాలులకు, పిడుగులకు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ముందు బలయ్యేది అదే. అంతే వోల్టులు, కనీసం అంతే ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ పెట్టగానే లేచి కూర్చున్న పెట్టెలు ఎన్నో. టక్, టక్, టక్ అని ఒకే తీరుగా కొట్టుకుంటుంటే మాత్రం ఆ క్షణమే స్విచ్ ఆపేయాలి. అది హెడ్ తన చోటు వెతుక్కోలేక గోడకు కొట్టుకునే చప్పుడు. ప్రతి ప్రయత్నం పళ్లేన్ని ఇంకొంత గీకవచ్చు.

డిస్కులు బయటికి తీసే ముందు ఏ అరలోది ఏదో మార్కర్‌తో రాయండి. లైనక్స్‌కి తగిలించాక స్మార్ట్ లెక్కలు చూడండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టిక అది. అందులో 5, 197, 198 నంబర్ల వరసల్లో సున్నాలుంటే కొంత నిమ్మళంగా ఉండొచ్చు. 197లో అంకె పెరుగుతోందంటే ఇక డిస్కులోకి వెళ్లి ఫొటోలు వెతుక్కునే సమయం కాదు. ముందు డిస్కు మొత్తాన్ని మరో డిస్కు మీదికి నకలు తీయాలి.

దీనికి ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాని పనితీరు దగ్గర్నుంచి చూడదగ్గది. మామూలు కాపీ చదవలేని చోట ఆగిపోతుంది, లేదా అక్కడే గంటల తరబడి డిస్కును బాదుతుంది. డీడీరెస్క్యూ అలా చేయదు. తేలిగ్గా వచ్చే భాగాలన్నీ మొదటి చుట్టులోనే చకచకా తీసుకుని, మొరాయించిన చోటును దాటేసి ముందుకు పోతుంది. తర్వాత వెనక్కొచ్చి ఆ చోటు అంచులు కత్తిరిస్తుంది. చివరికి ఒక్కో సెక్టార్ చొప్పున గీకుతుంది. ఎక్కడ చదివింది, ఎక్కడ మిగిలింది అన్నీ ఒక చిన్న ఫైల్‌లో రాసిపెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున ఆరోగ్యంగా ఉన్న 4 టెరాబైట్ల డిస్కుకే 11 గంటలు పడుతుంది. జబ్బు డిస్కుకు రోజులు పట్టవచ్చు. ఆదేశంలో ఏది మూలమో ఏది నకలో పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫొటోల మీద పడుతుంది. ఎంటర్ నొక్కే ముందు డిస్కు మీద అంటించిన సీరియల్ నంబరు, తెర మీది సీరియల్ నంబరు పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ తర్వాత పనంతా నకలు మీదే. రెయిడ్ అయితే ఎండీఆడమ్ అనే సాధనంతో ఉన్న డిస్కులను కేవలం చదివేలా జత చేయాలి. అందులోనే క్రియేట్ అనే ఆదేశం కూడా ఉంటుంది. అది కొత్త రెయిడ్ పుట్టిస్తుంది, పాత దాని గుర్తులు చెరిపేస్తుంది. ఏమీ తోచక దాన్ని నొక్కి నాశనమైన డేటా చాలా ఉంది. కొన్ని పాత పెట్టెల్లో పవర్‌పీసీ ప్రాసెసర్ వాడి, ఫైల్ సిస్టమ్‌ను 64 కిలోబైట్ల ముక్కలతో కట్టారు. మన పీసీల్లోని లైనక్స్ మామూలుగా 4 కిలోబైట్ల ముక్కలకు అలవాటు పడింది కాబట్టి డిస్కును మౌంట్ చేసి తెరవబోతే ఒప్పుకోదు. చూసేవాళ్లకు డిస్కు పాడైందనిపిస్తుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే సాధనంతో అవే ఫైళ్లు వరసగా బయటికొచ్చేస్తాయి.

ఫైళ్ల జాబితా పూర్తిగా చెడిపోయినా మరో దారి ఉంది. ఫ్రాన్స్‌కి చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ ఫైల్ పేర్లను పట్టించుకోదు. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. ఆ గుర్తు కనపడిన చోటల్లా ఒక ఫొటో ఉందనుకుని బయటికి తీస్తుంది. పేర్లు, ఫోల్డర్లు రావు, ముఖాలు మాత్రం వస్తాయి.

డిస్కు మీద ఎంత మిగులుతుందో చెప్పడానికి 2003 ఫిబ్రవరి 1 ఒక్కటి చాలు. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు ఉన్న కొలంబియా షటిల్ ఆకాశంలోనే ముక్కలైపోయింది. శిథిలాల్లో కాలి కమిలిన ఒక హార్డ్‌డిస్కు దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం ఫలితాలు అందులో ఉన్నాయి. మినియాపొలిస్‌లోని ప్రయోగశాలలో పళ్లేలను శుభ్రం చేసి వేరే డిస్కు శరీరంలో బిగించి, 99 శాతం డేటా చదవగలిగారు. 2008లో ఆ ప్రయోగం పరిశోధన పత్రంగా అచ్చయింది. పళ్లేల మీద రాసిన భాగం గీతలు పడకుండా మిగలడం వల్లే అది వీలైంది. మూత విప్పాల్సిన పని ఏదైనా అటువంటి ప్రయోగశాలలోని ధూళి లేని గదిలోనే జరగాలి. ఫ్రీజర్‌లో పెట్టి తీయమని చెప్పే సలహాను వినకండి. బయటికి తీశాక పళ్లేల మీద తేమ పడుతుంది. డిస్కు అడుగున ఉండే పచ్చ సర్క్యూట్ బోర్డును అదే మోడల్‌ది తెచ్చి మార్చినా చాలాసార్లు పనిచేయదు. ఆ డిస్కుకే ప్రత్యేకమైన కొలతలు పాత బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి. దాన్నీ మార్చి అతికించాలి.

గుప్తీకరించిన డిస్కు తాళం పోతే ఏ సాధనమూ ఏమీ చేయలేదు. ఎస్‌ఎస్‌డీలో తుడిచేసిన ఫైల్ కూడా చాలావరకు అంతే. పొరపాటున చెరిపేసిన ఫోల్డర్‌ను రెయిడ్ అన్ని డిస్కుల మీదా అంతే నమ్మకంగా చెరిపేస్తుంది. అందుకే నాస్ ఎంత పెద్దదైనా, ఎన్ని డిస్కులున్నా, లెక్కకు అది ఒక్క ప్రతి మాత్రమే. కొత్త నాస్ కొనాలనుకుంటున్నవాళ్లు ముందు ఒక విడి యూఎస్‌బీ డిస్కు కొనండి. నెలకోసారి తగిలించి కాపీ చేసి, తీసి, వీలైతే మరో ఊళ్లో ఉన్న అక్కయ్య ఇంట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉంచండి. కాపీ చేసిన ప్రతిసారీ అందులోంచి ఒక ఫొటో, ఒక వీడియో తెరిచి చూడండి.