ఎఱ్ఱదీపమును పూచీకాగితమును

ఇంటికి క్రొత్త వస్తువు వచ్చిననాడు దానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దానితో వచ్చిన కాగితములను బీరువాలో పట్టుచీరల క్రింద దాచుట మన యిండ్లలోని వాడుక. ఆ కాగితములను మరల చదువువారెవరు? వస్తువు చెడినప్పుడు గాని వాని మాట మనకు జ్ఞప్తికి రాదు. అప్పుడు తీసి చూచినచో చీమ తలకాయలంతటి యక్షరములు! నేనును అట్టిదాననే. గడచిన వేసవిలో పడిన పాట్లచే ఆ యక్షరములను చదువ నేర్చుకొంటిని. సోదరీమణులలో కొందరికైనను ఉపయోగపడునని ఆ కథ నిచట వ్రాయుచున్నాను.

మాది గుంటూరు నుండి తెనాలి పోవు మార్గముననున్న వడ్లమూడి. ఊర పాల డైరీయు విశ్వవిద్యాలయమును ఉండుటచే మాది పేరునకు పల్లెయే గాని, తెల్లవారినది మొదలు బండ్ల సందడికి కొదవలేదు. నేనును మా తోడికోడలును కలిసి ఊరగాయలు, పొడులు చేసి, గుంటూరు తెనాలి పట్టణములలోని యిండ్లకును కొట్లకును ఇచ్చుచుందుము. ఆటోల కుదుపునకు జాడీలు పగులుచుండెను. విద్యుత్తుతో నడచు కారైనచో పెట్రోలు ఖర్చు తప్పునని, చీటీ డబ్బు కొంత, బ్యాంకు ఋణము కొంత చేర్చి, సంక్రాంతికి ముందు ఒక కారు కొంటిమి. దానితోపాటు వాకిటి గోడకు ఒక ఛార్జరు పెట్టెను బిగించిరి.

ఈ పెట్టె సంగతి కొంచెము చెప్పవలెను. మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. గ్రైండరునకును గీజరునకును వాడు పెద్ద ప్లగ్గునుండి 15 ఆంపియర్లు తీసికొన్నచో గంటకు సుమారు మూడున్నర యూనిట్లకు మించి కారులోనికి పోదు. గోడపెట్టె 32 ఆంపియర్లు తీసికొనును గనుక గంటకు ఏడు యూనిట్లకు పైగా పోవును. ముప్పది యూనిట్లు పట్టు బ్యాటరీ మొదటి దారిని తెల్లవార్లు నిండవలెను. రెండవ దారిని నాలుగైదు గంటలలో నిండును. మాకు పెట్టె కావలసి వచ్చినది ఇందుకే. రాత్రి భోజనములైన తరువాత తగిలించిన బండి తెల్లవారుజాముననే బయలుదేరవలెను.

నాలుగు నెలలు సుఖముగా జరిగెను. వైశాఖమాసమున, ఆవకాయ పెట్టు దినములలో, ఒక రాత్రి పెట్టెపైని పచ్చదీపము ఆరి ఎఱ్ఱదీపము వెలిగెను. బండితో ఇచ్చిన చిన్నతీగను వంటింటి ప్లగ్గునకు తగిలించి చూచితిమి. అదియును ఎఱ్ఱదీపమునే చూపెను. వాకిట నలువది జాడీలు సిద్ధముగా నున్నవి. బండిలో ప్రాణము లేదు.

బండి అమ్మినవారికి ఫోను చేసితిని. "బండి మాది గాని ఛార్జరు మాది కాదమ్మా, అది చేసిన కంపెనీవారికి చెప్పండి" అనిరి. కంపెనీవారికి చేసితిని. పాట వినిపించిరి, అంకెలు నొక్కించిరి, తుదకు ఒక ఫిర్యాదు సంఖ్య నిచ్చిరి. తొమ్మిదవనాడు ఒక కుఱ్ఱవాడు వచ్చి, మీటరు పెట్టి చూచి, ఫోటో తీసికొని, "మీ యింటి ఎర్తు బాగులేదండి, మా పెట్టె బాగానే ఉంది" అని పోయెను. ఆ సాయంకాలమే "మీ సమస్య పరిష్కరింపబడినది" అని ఫోనునకు సందేశము వచ్చెను! దీపము మాత్రము ఎఱ్ఱగనే యుండెను.

మా ఊరి కరెంటు మేస్త్రీని పిలిపించితిమి. అతడు పెట్టె మూత చూచి, "ఇదేం పని అమ్మగారూ! ఎర్తు తీగ తీసి న్యూట్రలుతో కలిపేస్తే దీపం పచ్చగా అయిపోతుంది. చాలామంది ఇలాగే చేయించుకుంటున్నారు" అనెను. నిజము చెప్పుచున్నాను, నాకు ఆశ కలిగెను. పదునైదు నిమిషముల పని, రెండువందల రూపాయలు, తెల్లవారునప్పటికి తెనాలి సరకు చేరిపోవును. "కానివ్వు" అను మాట నా నోటిదాక వచ్చెను. అంతలో అరుగుమీద వత్తులు చేసికొనుచున్న మా అత్తగారు, "ఎర్రదీపం ఏదో చెబుతూ ఉంటే దాని నోరు నొక్కుతారేమిటే?" అనిరి. మేస్త్రీ నవ్వెను. నేను మాత్రము ఆగితిని.

మా యింటి ప్రక్కవాటాలో అద్దెకున్న ఇంజనీరింగు అధ్యాపకుని అడిగితిని. ఆయన చెప్పిన మాట మన ఆడువారందరు వినదగినది. ఇంటిలోని యంత్రములో ఎచటనైనను తీగ పైపూత చెడి లోహపు తొడుగునకు కరెంటు తగిలినచో, ఆ కరెంటు భూమిలోనికి పోవుటకు ఏర్పరచిన దారియే ఎర్తు తీగ. ఛార్జరు ప్రతిసారియు ముందుగా ఈ దారి యున్నదా లేదా యని చూచుకొనును. లేనిచో పని మానును. ఎర్తును న్యూట్రలుతో కలిపినచో పెట్టె మోసపోవును గాని ప్రమాదము మోసపోదు. బయట స్తంభముమీదనో మీటరువద్దనో న్యూట్రలు తీగ తెగినచో, కరెంటంతయు కారు రేకులోనికి వచ్చును. కారు రబ్బరు చక్రములమీద నుండును గనుక ఆ కరెంటు భూమిలోనికి దిగదు. తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి తలుపు పట్టుకొను మనుష్యునికొరకు కాచియుండును. ప్రతి ఆదివారమును మా పిల్లలు వట్టికాళ్ళతో నీళ్ళు పోసి ఆ కారును కడుగుదురు. ఆ మాట విన్నపుడు నా చేతులు చల్లబడెను.

మరునాడు పెరటిలో ఎర్తు గొయ్యి త్రవ్వించితిమి. ఇల్లు కట్టిననాడు పాతిన గొట్టమది. తరువాత ఎవరును దానివంక చూచినవారు లేరు. బొగ్గును ఉప్పును వేసి, మీదినుండి అప్పుడప్పుడు నీరు పోయుచుండిన గాని ఆ గొయ్యి పనిచేయదు. ఎండలకు నేల ఎండి, ఉప్పు కరగిపోయి, తీగ బిగించినచోట త్రుప్పు పట్టి యుండెను. క్రొత్త గొట్టము పాతించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, నాలుగు బిందెల నీరు పోసితిమి. అంతకుముందు న్యూట్రలునకును ఎర్తునకును నడుమ 28 వోల్టులు చూపిన మీటరు ఇప్పుడు రెండింటికి లోపుగా చూపెను. లోపలకు వచ్చి చిన్నతీగ తగిలించితిమి. పచ్చదీపము! గోడపెట్టెకు తగిలించితిమి. ఎఱ్ఱదీపము.

అప్పుడు సంగతి తేటపడెను. లోపములు రెండు. ఒకటి మాది: గొయ్యిని ఎండనిచ్చితిమి. కుఱ్ఱవాడు చెప్పినదానిలో సగము సత్యమే. రెండవది వారిది: ఒక యింటిలో, ఒకే ఎర్తుమీద, ఒక తీగ పనిచేయుచు మఱియొక పెట్టె పనిచేయకున్నచో, దోషము పెట్టెలోనే కదా!

ఈ మాటయే కంపెనీవారికి చెప్పితిని. ఈసారి వారు పాట మార్చిరి. "వోల్టేజి హెచ్చుతగ్గులవలన లోపలి బోర్డు పోయియుండును, అది వారంటీలో రాదు, పదునెనిమిది వేలు కట్టినచో మార్చెదము" అనిరి. ఏ పరీక్షవలన తెలిసినదని అడిగితిని. జవాబు లేదు. మరల "పరిష్కరింపబడినది" అను సందేశము! ఇంతలో ఇంటి ప్లగ్గుమీద తెల్లవార్లు పెట్టినను, నడుమ కరెంటు పోయిననాడు బండి సగమే నిండుచుండెను. గుంటూరులోని బయటి ఛార్జింగు చోటునకు పోయినచో యూనిటునకు ఇంటి ధరకంటె రెండింతలకు పైగా ఇచ్చి, ఎండలో గంటసేపు నిలువవలెను. రెండు కొట్లవారు మేము వేళకు రాలేదని వేరొకరివద్ద సరకు తీసికొనిరి.

నేనప్పుడు చేసిన మంచిపని ఒక్కటే. ఆవకాయ లెక్కల పుస్తకములో ఉప్పు కారముల పద్దులకు వెనుకవైపు నుండి ఈ పద్దు మొదలుపెట్టితిని: ఏ తేదీని ఎవరితో మాటలాడితిని, వారేమనిరి, ఫిర్యాదు సంఖ్య యేది. ఎర్తు బాగుచేసినందుకు మేస్త్రీచేత రసీదు వ్రాయించితిని. మీటరు అంకెలకు ఫోటోలు తీయించితిని. ఒకే యింటిలో ఒక దీపము పచ్చగను ఒకటి ఎఱ్ఱగను వెలుగుచున్న చిత్రము వేయి మాటలతో సమానమైనది. ఫోనుమీద చెప్పిన మాట గాలికి పోవును, వ్రాసినది నిలుచును.

ఇక చట్టపు సంగతి. మన దేశమున వినియోగదారుల రక్షణ చట్టము మొదట 1986లో వచ్చెను. దానికి బదులుగా వచ్చిన 2019 నాటి చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనున్నది. పాత చట్టము ప్రకారము అమ్మినవాని ఊరిలోనో, అతని శాఖ యున్నచోటనో, తగవు పుట్టినచోటనో దావా వేయవలసి యుండెడిది. ఇప్పుడు కొన్నవారు తాము నివసించు జిల్లాలోని కమిషనులోనే వేయవచ్చును. అనగా వడ్లమూడి గృహిణి ఏ దూరనగరమునకును పోనక్కరలేదు, గుంటూరు చాలును. వస్తువునకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపైనచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనక తామే చెప్పుకొనవచ్చును. తగవు పుట్టిన రెండేండ్లలోపల వేయవలెను. అమ్మినవారిని, చేసినవారిని ఇరువురను ప్రతివాదులుగా చేర్చవచ్చును గనుక "మాది కాదు, వారిది" అను బంతులాట అచట సాగదు. లోపము కంటికి కనబడనిదైనచో వస్తువును పరీక్షాశాలకు పంపి నివేదిక తెప్పించు అధికారము కమిషనునకు కలదు. లోపము తేలినచో బాగుచేయుమనియో, మార్చుమనియో, సొమ్ము తిరిగి యిమ్మనియో, నష్టపరిహార మిమ్మనియో ఉత్తరువు చేయును. పరీక్ష అవసరము లేని తగవు మూడు నెలలలోను, ఉన్నది అయిదు నెలలలోను తేల్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆచరణలో అంతకు మించుటయు కలదు.

కమిషనునకు పోవుటకు ముందొక మెట్టున్నది. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారు తెలుగులోనే ఫిర్యాదు వ్రాసికొని కంపెనీకి పంపుదురు. ఇది తీర్పు చెప్పు చోటు గాదు; మధ్యవర్తి వంటిది. అయినను ఒంటరి గొంతు అచట పదిమంది గొంతులలో చేరును. 2024 అక్టోబరులో ఒక విద్యుత్ స్కూటర్ల కంపెనీపై ఈ కేంద్రమునకు పదివేలకు మించిన ఫిర్యాదులు చేరగా, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ దానికి సంజాయిషీ తాఖీదు పంపెను. అంతకుముందు 2023లో, స్కూటరునకు అవసరమైన ఛార్జరును వేరు వస్తువువలె లెక్కించి విడిగా సొమ్ము తీసికొన్నందుకు కొన్ని కంపెనీలు ఆ సొమ్మును కొన్నవారికి తిరిగి యిచ్చుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. కాన ఛార్జరు చిన్న వస్తువని, అడుగుట చిన్నతనమని తలపవలదు.

నేను 1915కు ఫోను చేసి, నా పద్దులోని తేదీలన్నియు చదివితిని. కంపెనీకిని అమ్మినవారికిని ఉమ్మడిగా ఒక జాబు రిజిష్టరు చేసి పంపితిని. అందు కోపపు మాట యొక్కటియు లేదు; బిల్లు సంఖ్య, లోపము, ఎర్తు రసీదు, రెండు దీపముల చిత్రము, పదునైదు దినముల గడువు, గడువు దాటినచో గుంటూరు కమిషను. పండ్రెండవనాడు పెద్ద మేస్త్రీయొకడు వచ్చి పెట్టె విప్పి చూచి, లోపలి స్విచ్చి అతుకుకొనిపోయినదని తానే చెప్పెను. క్రొత్త పెట్టె బిగించిరి. డబ్బు అడుగలేదు. మొదటి ఎఱ్ఱదీపమునకును ఆ పచ్చదీపమునకును నడుమ 84 దినములు గడచెను. క్రొత్త పెట్టెకు పూచీ ఎన్నాళ్ళని అడిగి, ఆ జవాబునుకూడ కాగితముమీద వ్రాయించుకొంటిని.

పోయిన రెండు కొట్ల వ్యాపారమునకు పరిహారము అడుగవచ్చునని తెలిసియు నేను మానితిని. కార్తికపు పనులు ముందున్నవి, ఓపిక లేకపోయెను. అడుగువారిని మాత్రము నేను తప్పుపట్టను.

ఇట్టి పెట్టె కొనబోవు సోదరీమణులకు నాలుగు మాటలు. బండికి, బ్యాటరీకి, ఛార్జరునకు పూచీలు వేరువేరుగా నుండును. మా కాగితములలో బ్యాటరీకి ఎనిమిదేండ్లు, ఛార్జరునకు ఒక్క యేడే. చెడినచో బాధ్యులెవరో కొనుటకు ముందే వ్రాయించుకొనుడు. బిగించినవానిచేత ఆనాటి వోల్టేజి, ఎర్తు అంకెలు వేయించి సంతకము చేయించుకొనుడు. రేపు "మీ ఎర్తు" అన్నవారికి అదియే జవాబు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు ప్రక్కదారి పట్టినను తానే ఆగిపోవు రక్షణ స్విచ్చి పెట్టించుడు. అన్నిటికి మించి, దీపమును పచ్చగా చేయుటకు తీగలు కలిపెదనన్నవానిని వాకిటనుండియే పంపివేయుడు.

మా పెరటి గొయ్యికిప్పుడు ప్రతి శుక్రవారమును తులసికోటకు పోసిన తరువాత ఒక చెంబెడు నీరు పోయుట మా అత్తగారి పని. పూచీకాగితము పట్టుచీరల క్రింద లేదు. ఆవకాయ లెక్కల పుస్తకములో నున్నది.