పీట మీద ఒక కాలు

‘నడుంలో ఎముకలు అరిగిపోయాయట. ఇంక వంగకూడదు, బరువెత్తకూడదు.’ స్కానింగ్ రిపోర్టు అందుకున్న పెద్దవాళ్ల నోట తరచూ వినపడే మాట ఇది. ఆ భయంతో నడక మానేస్తారు. కదలిక తగ్గేకొద్దీ కండరాలు నీరసించి నడుం ఇంకా పట్టేస్తుంది.

అరుగుదల నిజమే. నడుం భాగంలోని 5 వెన్నుపూసలకు వెనకవైపు, కుడీ ఎడమా చిన్న కీళ్లుంటాయి. వాటిని ఫేసెట్ జాయింట్లు అంటారు. మోకాలికి లాగే వాటికీ మెత్తని మృదులాస్థి పూత ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ అది పలచబడుతుంది, అంచుల్లో ఎముక పెరుగుతుంది. ఎక్కువసేపు నిలబడినా, వెనక్కి వాలినా ఈ కీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. కాస్త ముందుకు వంగితే సడలుతుంది. దోసెలు పోస్తూ పొయ్యి దగ్గర నిలబడ్డ ఆవిడ తనకు తెలియకుండానే గట్టు మీద మోచెయ్యి ఆనించేది అందుకే.

ఫిజియోథెరపిస్టు ముందు అడిగేదీ ఇదే: ఎలా ఉంటే హాయి, ఎలా ఉంటే నొప్పి? 1937లో అమెరికా వైద్యుడు పాల్ విలియమ్స్ ముందుకు వంగే వ్యాయామాలను ప్రచారంలోకి తెచ్చాడు. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ పద్ధతి వెనక్కి వాలే వ్యాయామాలతో పేరు పొందింది. డిస్కు నొప్పి ఉన్న చాలామందికి ఆ వాలడం ఉపశమనం. ఫేసెట్ కీళ్లు అరిగినవాళ్లకు అదే నొప్పిని రేపవచ్చు. పక్కింటివాళ్లకు పనిచేసిన ఆసనాన్ని చూసి చేయకూడదనేది ఇందుకే.

ఫేసెట్ కీళ్లు అరిగినవాళ్లకు ముందుకు వంగే తరహా వ్యాయామాలు నప్పుతాయి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిస్తే నడుం కింద అరచెయ్యి దూరేంత ఖాళీ ఉంటుంది. ఊపిరి వదులుతూ పొట్ట బిగిస్తే నడుం దిగి ఆ చెయ్యిని నొక్కుతుంది. కొన్ని క్షణాలు ఆగి వదలాలి. తర్వాత ఒక్కో మోకాలినీ మెల్లగా ఛాతీ వైపు లాక్కోవాలి. అరిగిన మృదులాస్థి వీటితో తిరిగి పెరగదు. పొట్ట, పిరుదుల కండరాలు బలపడి నడుముకు ఆసరా అవుతాయి. వారాల తరబడి చేస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామాన్ని సిఫార్సు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2023 మార్గదర్శకాల్లో నడుం బెల్టులనూ, నడుమును లాగి పట్టే ట్రాక్షన్‌నూ మామూలు చికిత్సగా వాడొద్దంది. మన ఇళ్లలో మాత్రం మొదట కొనేది బెల్టే.

మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వ్యాయామాలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పొయ్యి దగ్గర ఆవిడకు థెరపిస్టు చెప్పే ఉపాయం చిన్నదే. గట్టు కింద ఒక పీట వేసుకుని, దాని మీద ఒక కాలు పెట్టాలి. నాలుగు దోసెలయ్యాక రెండో కాలు.