సమానమైన యెత్తుగల గడులు

గత సంవత్సరపు మా సంచికను కంప్యూటరు తెరమీద చదువుటకు వీలుగా నమర్చునప్పుడు మాకొక చిక్కు కలిగెను. ముగ్గురు విద్యార్థుల రచనలను మూడు గడులలో ప్రక్కప్రక్కన నుంచితిమి. ఒకరి రచన నాలుగు పంక్తులు, మరియొకరిది పది, మూడవవారిది పదునారు. గడులు మెట్లవలె హెచ్చుతగ్గులై చూపున కింపుగా లేకుండెను. అందుచేత ప్రతి గడికిని ఒకే యెత్తును నిర్ణయించి, దానిని మించినది కనబడకుండునట్లు చేసితిమి. పుట చక్కగానే యుండెను. కాని పదునారు పంక్తులు వ్రాసిన ఆరవ తరగతి బాలిక రచనలో కడపటి నాలుగు పంక్తులును, వాని క్రిందనున్న ఆమె పేరును మాయమయ్యెను. ఆమె తండ్రిగారు వచ్చి, "మా అమ్మాయి పేరెక్కడనండీ?" యని యడిగినప్పుడు మేము సిగ్గుపడితిమి.

ఈ తప్పు మరల జరుగకుండుటకు మార్గమేమి? పుటల యాకారమును నిర్ణయించు సి.యస్.యస్. అను భాష యొక్క మొదటి ప్రమాణము 1996వ సంవత్సరమున వెలువడెను. ప్రక్కప్రక్కనున్న గడులను ఒక్క యెత్తునకు దెచ్చు సులభోపాయము అందు లేకుండెను. కొందరు పట్టికలను వాడిరి. కొందరు గడుల వెనుక రంగుబొమ్మను పైనుండి క్రిందివరకు పరచి, అవి సమానముగా నున్నట్లు భ్రమ గొలిపిరి. 2009వ సంవత్సరమున తొలి ముసాయిదాగా వెలువడిన ఫ్లెక్స్‌బాక్స్ అను పద్ధతి యీ చిక్కును తీర్చినది.

దాని విధమిది. గడులన్నిటిని ఒక పెద్ద గడిలో నుంచి, ఆ పెద్దగడికి 'డిస్‌ప్లే: ఫ్లెక్స్' అని వ్రాయవలెను. అంతట లోపలి గడులు వరుసగా నిలుచును. వానిలో మిక్కిలి పొడవైనదాని యెత్తే వరుస యెత్తగును. తక్కినవి దానికి సరిగా సాగును. సాగుమని వేరుగా చెప్పనక్కరలేదు. 'అలైన్-ఐటమ్స్' అను గుణమునకు మనమేమియు వ్రాయనిచో 'స్ట్రెచ్', అనగా సాగుట, అనునదే వర్తించును.

అయినను మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది: లోపలి గడికి 'హైట్' అని యెత్తును నిర్ణయించినచో అది సాగదు. మా పాత పంక్తిని చెరిపివేసిన పిమ్మటనే మాకు ఫలము కనబడెను. రెండవది: 'ఫ్లెక్స్-ర్యాప్' వలన గడులు రెండు మూడు వరుసలైనచో, ఏ వరుసలోని గడులా వరుసలోనే సమానమగును. అన్ని వరుసలును సమానముగా నుండవలెనన్న గ్రిడ్ అను వేరొక పద్ధతిని గ్రహించి, 'గ్రిడ్-ఆటో-రోస్: 1ఎఫ్‌ఆర్' అని వ్రాయవలెను. మూడవది: గడులు సమానమైనను లోపలి పేర్లు సమానముగా నుండవు, చిన్న రచనలో పేరు పైననే నిలిచిపోవును. ప్రతి గడికిని 'డిస్‌ప్లే: ఫ్లెక్స్', 'ఫ్లెక్స్-డైరెక్షన్: కాలమ్' అని వ్రాసి, పేరునకు 'మార్జిన్-టాప్: ఆటో' అని చేర్చినచో పేర్లన్నియు అడుగున ఒకే వరుసకు వచ్చును.

ఇట్టి పుటలను గూర్ప నుత్సహించు విద్యార్థులకు మేము చెప్పునది యొక్కటే: మిక్కిలి పొడవైన రచనను మొదట నుంచి పరీక్షింపుడు. ఇప్పుడా బాలిక రచన పదునారు పంక్తులతోను, పేరుతోను కనబడుచున్నది. చిన్న గడులు సాగినవే కాని, పెద్దది కోయబడలేదు.